వాన రాకముందే

నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఒక ఊరు ఉంది. ఊరి చివర కాలనీ. కాలనీలో రెండో వీధి, మూడో ఇల్లు. ముందు వసారా, లోపల ఒక గది, వెనక వంటిల్లు. పైన స్లాబు. ఆ ఇల్లు 1998లో కట్టారు. ఇంట్లో అత్త, కోడలు, ఆరేళ్ల పాప ఉంటారు. కొడుకు లారీ డ్రైవరు. నెలకు రెండు మూడు సార్లు ఇంటికి వస్తాడు.

ఈ ఇల్లు కట్టక ముందు వాళ్లది తాటాకు ఇల్లు. రెండేళ్లకోసారి ఆకు మార్చాలి. గాలివాన వస్తే కప్పు లేచిపోయేది. స్లాబు వేసిన రోజు అత్త ఎంతో సంబరపడింది.

"ఇంక ఆకు బాధ తీరింది. స్లాబు పడ్డాక ఇంటికి చూడాల్సిన పని ఏముంది?" అనుకుంది.

చాలామంది అలాగే అనుకుంటారు. తాటాకు ఇంటికి పని ఉంటుందని అందరికీ తెలుసు. స్లాబు ఇంటికీ పని ఉంటుందని ఇల్లు కట్టినవాళ్లు చెప్పరు, కట్టించుకున్నవాళ్లు అడగరు.

ఇరవై ఏళ్లు బాగానే గడిచాయి. తర్వాత గది పైకప్పుకి అరచేయంత మచ్చ వచ్చింది. ఫ్యాను తగిలించిన చోట వచ్చింది. మరుసటి ఏడు అది చాటంత అయింది. 2021 నవంబరులో నెల్లూరు, కడప, చిత్తూరు జిల్లాల్లో పెద్ద వానలు పడి వరదలు వచ్చాయి. ఆ వానలకు ఫ్యాను పక్కన చుక్క చుక్క కారడం మొదలైంది. వంటింట్లో గిన్నెలన్నీ గదిలోకి వచ్చాయి. రాత్రంతా గిన్నెలు నిండటం, పారబోయటం. ఇదే పని.

వానలు తగ్గాక ఒక మేస్త్రీని పిలిచారు. అతను కింద నిలబడి మచ్చ చూశాడు. మచ్చ గీకాడు. సిమెంటు పూశాడు. సున్నం కొట్టాడు. 3,000 రూపాయలు తీసుకున్నాడు. చూడటానికి చక్కగా ఉంది. మళ్లీ వాన పడింది. అదే చోట కారింది. ఒక రాత్రి ఆ పూసిన సిమెంటు పెచ్చు ఊడి మంచం పక్కన పడింది. జానెడు దూరంలో పాప పడుకుని ఉంది.

పోయిన ఏడు కార్తీకంలో ఇంకో సంగతి జరిగింది. సాయంత్రం పాప లైటు వేయబోయింది. ఒక చెయ్యి గోడకి ఆనించింది. "అమ్మా!" అని అరిచి వెనక్కి పడింది. చెయ్యి జిల్లుమందని ఏడ్చింది. పక్కింటివాళ్లు "వానాకాలం గోడలు అలాగే ఉంటాయి, చెప్పులు వేసుకుని స్విచ్చి వెయ్యండి" అన్నారు. కోడలికి ఆ మాట రుచించలేదు. ఆ రాత్రి నుంచి వానలు పోయేదాకా ఆ స్విచ్చి బోర్డు వైపు పాపను పోనివ్వలేదు.

టైల్సా? కప్పా?

ఈ ఏడు శ్రావణ మాసంలో కొడుకు 25,000 రూపాయలు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

"వసారాకి టైల్స్ వేయిద్దాం. వీధిలో మన ఇంటికే లేవు. సంక్రాంతికి అల్లుడూ కూతురూ వస్తారు" అంది అత్త.

"ముందు కప్పు సంగతి చూద్దాం అత్తా" అంది కోడలు.

"కప్పుకి మూడు వేలు పోశాం కదే. ఏమైంది? మళ్లీ కారింది. పాత ఇంటికి ఎంత పోసినా అంతే. టైల్స్ అయితే కంటికన్నా కనపడతాయి."

అత్త మాటలోనూ న్యాయం ఉంది. డబ్బు పోసి ఫలితం చూడనివాళ్లు అలాగే మాట్లాడతారు. కోడలు ఎదురు చెప్పలేదు. పాపను చూపించి, "గోడ ముట్టుకుంటే బిడ్డకి కరెంటు కొట్టింది. టైల్స్ వేసినా ఆ గోడ ఆ గోడే కదా అత్తా" అంది.

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, పక్క ఊరి ముసలి మేస్త్రీని పిలిపించు. వాడు ఏమంటాడో విందాం" అంది.

నెల్లూరు వైపు పెద్ద వానలు దసరా దాటాక వస్తాయి. కార్తీకంలో తుఫాన్లు వస్తాయి. కప్పు పని ఏదైనా దసరాకి ముందే అయిపోవాలి. వాన మొదలయ్యాక మేస్త్రీలు దొరకరు. దొరికినా తడి స్లాబు మీద చేసిన పని నిలవదు.

మేస్త్రీ మచ్చ చూడలేదు

ముసలి మేస్త్రీ వచ్చాడు. మచ్చ వైపు ఒకసారి తల ఎత్తి చూశాడు, అంతే. "నిచ్చెన ఉందా పాపా?" అని కోడలిని అడిగాడు. నేరుగా స్లాబు ఎక్కాడు. కోడలూ వెనకే ఎక్కింది.

పైన ఏముంది? పాత టైరు ఒకటి. పగిలిన కుండలు. కంపలు. పక్కింటి వేపచెట్టు ఆకులు బెత్తెడు మందాన పేరుకున్నాయి. స్లాబు మీద నీళ్లు పోవటానికి రెండు తూములు పెట్టి ఉన్నాయి. ఒకటి ఆకులతో పూడింది. రెండో తూములో పిల్లల బంతి ఇరుక్కుని ఉంది. తూములు మూసుకుంటే స్లాబు చెరువు అవుతుంది. నీరు ఎటూ పోలేక నిలబడుతుంది. నిలబడ్డ నీరు దారి వెతుక్కుంటుంది. వెంట్రుకంత బీట దొరికినా చాలు, దిగిపోతుంది.

పిట్టగోడ మూలలో ఒక రావి మొక్క మొలిచింది. మూరెడు పొడవు ఉంది. మేస్త్రీ దాని మొదలు పట్టుకుని కదిలించాడు. పిట్టగోడకీ స్లాబుకీ మధ్య బీటలోకి వేరు దిగి ఉంది.

"రావి, మర్రి, జువ్వి. ఈ మూడూ గోడకి శత్రువులు. కాకి రెట్టలో గింజ వస్తుంది. బీటలో మొలుస్తుంది. వేరు లావయ్యే కొద్దీ బీట పెద్దదవుతుంది. కత్తిరిస్తే లాభం లేదు, మళ్లీ చిగురేస్తుంది. వేరుతో తియ్యాలి" అన్నాడు.

కింద నుంచి అత్త విన్నది. "రావిని పీకుతావా నాయనా? పాపం తగులుతుంది. మూడేళ్లుగా నేనే వద్దంటున్నా" అంది.

"పీకి పారేయను పెద్దమ్మా. వేరుతో ఎత్తి ఇస్తాను. చెరువుకట్ట మీద నువ్వే నాటు. అక్కడైతే నలుగురికీ నీడ" అన్నాడు మేస్త్రీ.

అత్త ఒప్పుకుంది. మేస్త్రీ ఉలితో బీట పక్క సిమెంటు తీసి వేరును నిదానంగా లాగాడు. మూరెడు మొక్కకి రెండు మూరల వేరు వచ్చింది. అత్త దాన్ని తడిగుడ్డలో చుట్టి ఆ సాయంత్రమే చెరువుకట్టకి పట్టుకెళ్లింది.

నీరు ఎక్కడ దిగుతోంది?

చుక్క పడే చోటే నీరు దిగుతోందని అనుకోకూడదు. మొదటి మేస్త్రీ చేసిన తప్పు ఇదే. నీరు ఒకచోట దిగి, స్లాబు లోపల నడిచి, ఇంకో చోట కారుతుంది. అసలు దారి తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది.

స్లాబు అంతా ఊడ్చి కడిగారు. బంకమట్టితో నాలుగు అంగుళాల ఎత్తు కట్టలు పెట్టారు, వరిమడికి గట్లు పెట్టినట్టు. స్లాబు మూడు మళ్లు అయింది. ముందు ఫ్యాను పైన ఉన్న మడిలో మాత్రమే నీళ్లు పోశారు. రెండు అంగుళాల లోతు. ఒక పగలు, ఒక రాత్రి ఉంచారు. కింద చుక్క కూడా పడలేదు. అత్త ఆశ్చర్యపోయింది.

ఆ నీళ్లు తీసేసి, పిట్టగోడ పక్క మడిలో పోశారు. రావి మొక్క ఉన్న మూల అదే. తెల్లవారేసరికి ఫ్యాను పక్కన టప్ టప్ మని కారుతోంది. నీరు దిగిన చోటుకీ కారిన చోటుకీ ఎనిమిది అడుగుల దూరం!

అన్ని మళ్లలో ఒక్కసారే నీళ్లు ఎందుకు పోయలేదు? రెండు కారణాలు. అంతటా పోస్తే ఎక్కడ దిగుతోందో తెలియదు. రెండోది బరువు. ఒక చదరపు అడుగు మీద రెండు అంగుళాల నీరు దాదాపు 5 కిలోలు తూగుతుంది. వంద చదరపు అడుగులంటే 500 కిలోలు. పాత స్లాబు మీద ఒక్కసారిగా అంత బరువు పెట్టకూడదు. స్లాబు కింద పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు కనపడుతుంటే ఈ పరీక్ష అసలు చేయకూడదు.

మరి నీరు ఎనిమిది అడుగులు ఎలా నడిచింది? స్లాబు వేసేటప్పుడు ఫ్యాను వైర్ల కోసం లోపల ఒక గొట్టం పెడతారు. బీటలో దిగిన నీరు ఆ గొట్టంలో చేరింది. గొట్టం వెంట ఫ్యాను దాకా వచ్చింది. అదే గొట్టం గోడలోంచి స్విచ్చి బోర్డుకి దిగుతుంది. కోడలు గబుక్కున అడిగింది.

"అయితే పాపకి కరెంటు కొట్టింది కూడా ఈ నీటి వల్లేనా?"

"కరెంటు పని నాకు తెలియదు పాపా. తెలిసినవాణ్ణి పిలువు. అంతదాకా ఆ బోర్డు ముట్టుకోవద్దు, మెయిను ఆపెయ్" అన్నాడు మేస్త్రీ. తనకు రాని పని రాదని చెప్పే మేస్త్రీ దొరకడం ఆ ఇంటి అదృష్టం.

బస్తా మీద అంకెలు

పనికి 5 బస్తాల సిమెంటు కావాలన్నాడు. కొట్టువాడు ఆటోలో పంపాడు. అత్త బస్తాల పక్కన కూర్చుని వాటి మీది అక్షరాలు చూస్తోంది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. అప్పుడు అత్తకు ముప్పై ఏళ్లు. రాత్రిపూట లాంతరు దగ్గర కొన్నాళ్లు చదువుకుంది. తర్వాత ఇంటిపనిలో పడి మర్చిపోయింది. ఇప్పుడు మనవరాలి పలక మీద మళ్లీ దిద్దుతోంది. అంకెలు మాత్రం బాగా వచ్చు.

"14 అని ఉందే. పక్కన సంవత్సరం ఉంది. 14 అంటే ఏంది నాయనా?" అని అడిగింది.

మేస్త్రీ వచ్చి చూశాడు. సిమెంటు తయారైన వారం, సంవత్సరం బస్తా మీద అచ్చు వేస్తారు. 14 అంటే ఆ ఏడాదిలో 14వ వారం. అంటే ఏప్రిల్ మొదట్లో. ఇప్పుడు ఆగస్టు, 33వ వారం నడుస్తోంది. అత్త వేళ్ల మీద లెక్క వేసింది. 33 లోంచి 14 పోతే 19 వారాలు. నాలుగు నెలలు దాటింది.

సిమెంటు గాలిలో తేమను పీల్చుకుంటుంది. మూడు నెలలు దాటితే బలం తగ్గుతూ వస్తుంది. బస్తాలో చెయ్యి పెడితే చల్లగా, మెత్తగా ఉండాలి. గడ్డలు తగిలితే, అవి వేళ్లతో నలిపినా నలగకపోతే, ఆ సిమెంటు కప్పు పనికి వాడకూడదు. కోడలు కొట్టుకి వెళ్లి బస్తాలు మార్చమంది. కొట్టువాడు మొదట గొణిగాడు. "వారం నంబరు చూసి ఇయ్యి అన్నా" అనేసరికి మాట్లాడకుండా మార్చాడు. కొత్త బస్తాల మీద 30 అని ఉంది. వాటిని నేల మీద కాక చెక్కల మీద పెట్టారు. గోడకి జానెడు ఎడంగా పెట్టి పైన పట్టా కప్పారు.

ఇసుక సంగతి కూడా మేస్త్రీ గట్టిగా చెప్పాడు. సముద్రం దగ్గర ఊళ్లలో ఇసుక ఊరికే దొరుకుతుంది. కానీ అది ఉప్పు ఇసుక. ఉప్పు లోపలి ఇనుమును తినేస్తుంది. ఉప్పునీటి బోరు నీళ్లతో కలిపినా అంతే. అందుకని పెన్న ఇసుక తెప్పించాడు. కలపడానికి తాగే నీళ్లే వాడాడు. బిందెలతో తాగే నీళ్లు మోసుకుని తెచ్చి సిమెంటులో పోయడం కోడలికి కష్టంగానే అనిపించింది.

పని ఎలా చేశారు?

బీటకి పైపైన సిమెంటు రాస్తే లాభం లేదు. మేస్త్రీ ఉలితో బీట వెంట గాడి చెక్కాడు. పైన వెడల్పు, కింద సన్నం. అంగుళం లోతు. ఇనుప బ్రష్షుతో దుమ్ము దులిపాడు. నీళ్లతో కడిగి తడిపాడు. పొడి గాడిలో మాలు పెడితే, మాలులో నీటిని పాత సిమెంటు పీల్చేస్తుంది. కొత్తది పట్టుకోదు.

తర్వాత సిమెంటు పాలు పోశాడు. ఆ తడి మీదే మాలు కూరాడు. మాలు పాళ్లు ఒక తట్ట సిమెంటుకి మూడు తట్టల జల్లించిన ఇసుక. అందులో నీరు దిగకుండా చేసే మందు కలిపాడు. డబ్బాల్లో అమ్ముతారు. చాలా డబ్బాల మీద ఒక బస్తాకి 200 మిల్లీలీటర్లు అని ఉంటుంది. ఎంత అని డబ్బా మీద రాసి ఉంటే అంతే వేయాలి. ఎక్కువ వేస్తే ఎక్కువ బలం రాదు.

మాలు కొంచెం కొంచెంగా కలిపించాడు. నీళ్లు పోశాక అరగంటలో వాడేయాలి. పొద్దున కలిపింది గట్టిపడితే, మళ్లీ నీళ్లు పోసి తిప్పి వాడే మేస్త్రీలు ఉన్నారు. అది చూస్తే ఇంటివాళ్లు అక్కడే ఆపించాలి. మొహమాటపడితే నష్టం ఇంటివాళ్లదే.

పిట్టగోడ, స్లాబు కలిసే మూల చుట్టూ మాలుతో గుండ్రంగా తిప్పాడు. మూల పలకగా ఉంటే నీరు అక్కడ ఆగుతుంది. గుండ్రంగా ఉంటే జారిపోతుంది. స్లాబు మీద పల్లాలున్న చోట పలచగా మాలు పరిచి తూము వైపు వాలు పెట్టాడు. పది అడుగులకి అంగుళం పైచిలుకు వాలు ఉంటే చాలు. తూములకి జల్లెడలాంటి మూతలు పెట్టాడు. తూము గొట్టాలు గోడని ఆనుకుని ఉన్నాయి. వాటికి ఒక అడుగు గొట్టం అతికి నీరు గోడకి దూరంగా పడేట్టు చేశాడు.

పని నాలుగు రోజుల్లో అయింది. మేస్త్రీ వెళ్తూ, "నా పని అయింది, ఇంక మీ పని. పది రోజులు ఎండకుండా తడపండి" అన్నాడు.

సిమెంటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతుంది. మొదటి రోజుల్లో తడి ఆరిపోతే అది అక్కడితో ఆగిపోతుంది. సన్నటి నెర్రెలు వస్తాయి. ఇప్పుడు కొట్లలో ఎక్కువగా దొరికేది బూడిద కలిపిన సిమెంటు. అది నిదానంగా గట్టిపడుతుంది. దానికి పది రోజులైనా తడి కావాలి.

కోడలు పాత గోనెసంచులు పరిచి, పూటకి నాలుగుసార్లు తడిపింది. ఆగస్టు ఎండకి సంచులు గంటలో ఆరిపోయేవి. వీధి కొళాయికి రోజు మార్చి రోజు నీళ్లు. అత్త స్నానం నీళ్లు కూడా పట్టి పైకి ఇచ్చింది. సబ్బు కలవని నీళ్లు మాత్రమే. లెక్కలో మేస్త్రీ కూలి ఉంటుంది, సిమెంటు ఖరీదు ఉంటుంది. ఈ పది రోజులు ఆడవాళ్లు నిచ్చెన ఎక్కి దిగిన కష్టం ఏ లెక్కలోనూ ఉండదు.

స్లాబు బాగా ఆరాక రెండు పూతలు సున్నం వేశారు. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. మధ్యాహ్నం గదిలో ఉక్క తగ్గిందని పాపే ముందు చెప్పింది. ఇళ్ల కప్పులు ఇలా చల్లగా ఉంచాలనే తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక విధానం కూడా తెచ్చింది.

గోడలో కరెంటు

కరెంటు పనివాడు వచ్చాడు. మెయిను ఆపి, టెస్టరుతో చూసి, ఆ తర్వాతే బోర్డు విప్పాడు. లోపల స్క్రూలు తుప్పు పట్టాయి. ఒక అతుకు దగ్గర టేపు ఊడి వైరు బయటపడి ఉంది. గొట్టంలోంచి దిగిన నీరు ఆ వైరును తడిపింది. తడి గోడలోకి కరెంటు పారింది. ఆ గోడనే పాప ముట్టుకుంది.

ఇంకో రెండు తప్పులు బయటపడ్డాయి. ఇంటి పక్కన ఎర్తు కడ్డీ తుప్పు పట్టి తెగిపోయింది. అంటే ఇంటికి ఎర్తు లేనట్టే. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎవరో లావు రాగితీగ రెండు పేటలు చుట్టారు. ఫ్యూజు పోతే చిరాకు పడతాం. అది పోవడమే దాని పని. లావు తీగ వేస్తే ఫ్యూజు పోదు, వైర్లు కాలతాయి.

అతను బోర్డును లోపలి పొడి గోడ మీదికి మార్చాడు. కొత్త ఎర్తు వేశాడు. మీటరు తర్వాత ఒక చిన్న స్విచ్చి పెట్టాడు. దాన్ని ఆర్.సి.సి.బి. అంటారు. మనిషి ఒంట్లోంచి కరెంటు కారితే, అది కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది. కొనేటప్పుడు దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని ఉందో లేదో చూడాలి. మామూలుగా ఇళ్లలో ఉండే ఎం.సి.బి. ఈ పని చేయదు. అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. అందుకే కొట్టువాడు ఏది ఇచ్చాడో అడిగి తెలుసుకోవాలి. ఆర్.సి.సి.బి. మీద ఒక చిన్న బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే అది చెడిపోయినట్టు.

వెళ్తూ వెళ్తూ దండెం చూశాడు. కిటికీ ఊచ నుంచి కరెంటు స్తంభం దాకా ఇనుప తీగ కట్టి ఉంది. "ఇది ఈరోజే తీసెయ్యండి" అన్నాడు. తడి బట్టలు ఆరేస్తూ ఇనుప దండెం మీద చనిపోయినవాళ్లు ప్రతి వానాకాలం పేపర్లో కనపడతారు. కోడలు అప్పుడే తీగ విప్పింది. నైలాను తాడు కట్టింది. స్తంభానికి కాదు, పాతిన గుంజకి.

ఎవరికైనా కరెంటు పట్టుకుంటే వాళ్లను ముట్టుకోకూడదు. ముందు మెయిను ఆపాలి. అది వీలుకాకపోతే ఎండు కర్రతో తీగను తప్పించాలి. 108కి ఫోను చేయాలి. తీగలు తెగిపడితే కరెంటు ఆఫీసు నంబరు 1912.

వంటింటి మూల

ఒక్కటి మిగిలింది. మేస్త్రీ పోయేముందు కర్రతో అన్ని గదుల పైకప్పునూ కొట్టి చూశాడు. గట్టి చోట టక్ టక్ మంటుంది. వంటింటి మూలలో డొల్లగా డబ్ డబ్ మంది. తాకగానే పెచ్చు ఊడింది. లోపల చువ్వ ఎర్రగా తుప్పు పట్టి ఉంది.

ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. ఉబ్బి చుట్టూ ఉన్న సిమెంటును నెట్టేస్తుంది. అందుకే పెచ్చులు ఊడతాయి. కట్టినప్పుడు వాడిన ఇసుక ఉప్పుదేమోనని మేస్త్రీ అనుమానం. సముద్రపు గాలి ఎటూ ఉంది. "ఇక్కడ సిమెంటు పూసి డబ్బు తీసుకోగలను. కానీ లోపల తుప్పు ఆగదు. ఇంజనీరు చూడాలి" అన్నాడు.

కోడలు సచివాలయంలో ఇంజనీరింగు అసిస్టెంటుకి చెప్పింది. అతను వచ్చి చూశాడు. డొల్ల సిమెంటంతా తీసేయాలి. చువ్వ తెల్లగా మెరిసేదాకా తుప్పు గీకాలి. తుప్పు పట్టని పూత వేయాలి. బాగా సన్నబడ్డ చోట పక్కన కొత్త చువ్వ కట్టాలి. మామూలు మాలు కాక, మరమ్మతు కోసం దొరికే ప్రత్యేకమైన మాలు పెట్టాలి. అంతదాకా ఆ మూల కింద ఆధారంగా గుంజ నిలబెట్టమన్నాడు. అక్కడ ఎవరూ పడుకోకూడదు, కూర్చోకూడదు అన్నాడు. అత్త పొయ్యిని అవతలి గోడకి మార్చుకుంది.

లెక్క చూసుకున్నారు. కప్పుకి 14,200. కరెంటుకి 4,800. మొత్తం 19,000. మిగిలింది 6,000. అది వంటింటి మూలకి చాలదు. మిగతాది పొదుపు సంఘంలో అప్పు అడగాలని కోడలు అనుకుంది. టైల్స్ మాట అత్త ఎత్తలేదు. ఎత్తకపోయినా, సంక్రాంతికి కూతురు ఏమంటుందో అని ఆమె మనసులో ఉంది. కోడలికి అది తెలుసు. బంతి ఇరుక్కున్న తూము, బయటకి తీసిన రావి వేరు చూపిస్తే ఆడబిడ్డే అర్థం చేసుకుంటుందిలే అంది.

సెప్టెంబరు చివర ఒక రాత్రి గట్టి వాన పడింది. అత్త లేచి అలవాటుగా గిన్నె తెచ్చి ఫ్యాను కింద పెట్టింది. తెల్లవారి చూస్తే గిన్నె పొడిగా ఉంది. కోడలు పొద్దున్నే పైకి వెళ్లి తూముల దగ్గర ఆకులు తీసింది. అత్త తలుపు వెనక బొగ్గుతో పెద్ద అక్షరాలతో రాసింది. "తూములు". కింద తేదీ వేసింది. తూములు చూసినప్పుడల్లా ఆ తేదీ కింద ఇంకో తేదీ పడుతోంది.

మీరు చేయండి

ఒక కాగితం మీద మీ ఇంటి గదులు గీయండి. ఎక్కడ కారుతుందో, ఎక్కడ చెమ్మ ఉందో, స్విచ్చి బోర్డు ఎక్కడుందో గుర్తు పెట్టండి. మీ స్లాబుకి తూములు ఎన్ని? మీ దండెం దేనితో కట్టారు, దేనికి కట్టారు? మీ మీటరు పక్కన ఉన్నది ఎం.సి.బి.యా, ఆర్.సి.సి.బి.యా? దాని మీది అక్షరాలు చదివి ఆ కాగితం మీద రాయండి.